మాటకన్నా ముందే చేరే స్వరం

హైదరాబాద్‌లో అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు మెట్రో రైలులో ఒక్క స్టేషన్ దూరం. ఆ కొద్ది దూరంలోనే మాట కోసం పడే రెండు రకాల తపన కనిపిస్తుంది. అమీర్‌పేటకు యువతీ యువకులు మాట నేర్చుకోవడానికి వస్తారు. శ్రీకాకుళం నుంచి, పాలమూరు నుంచి, కడప నుంచి వచ్చి హాస్టల్లో ఒక మంచం అద్దెకు తీసుకుని, మైత్రీవనం చుట్టుపక్కల కంప్యూటర్ కోర్సులో చేరతారు. దానితో పాటే స్పోకెన్ ఇంగ్లిష్ తరగతికీ వెళ్తారు. ఇంటర్వ్యూలో గొంతు ఎక్కడ పెంచాలి, ఎక్కడ ఆగాలి, ఏ అక్షరాన్ని ఒత్తి పలకాలి అని అక్కడ నేర్పుతారు. పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రికి మాట పోగొట్టుకున్నవారు వస్తారు. నిన్నటిదాకా ఇంటిల్లిపాదినీ పేరుపేరునా పిలిచిన పెద్దాయన పక్షవాతం వచ్చి ‘నీళ్లు’ అన్న చిన్న మాట కూడా పలకలేక కన్నీళ్లు పెట్టుకుంటాడు.

ఒకచోట మాటకు మెరుగు పెడుతున్నారు. ఇంకోచోట పోయిన మాటను వెదుక్కుంటున్నారు. ఇంతకీ మాట అంటే ఏమిటి? పదాలేనా? పదాలను పక్కన పెడితే మిగిలే ఎత్తుపల్లాలు, విరుపులు, లయ, గొంతులోని తడి పైపై అలంకారాలా? లేక అవే మాటకు ప్రాణమా? ప్రతి ఆదివారం పాడే, ప్రార్థించే, ప్రసంగించే, వినే మనం ఈ ప్రశ్న వేసుకోవాలి. మనం ఆరాధించే దేవుడు మాట్లాడే దేవుడు కదా!

‘సరే’ అన్న ఒక్క మాట

తెలుగులో ‘సరే’ అన్న మాటను తీసుకోండి. సంతోషంగా అంటే ఒప్పుకోలు. సాగదీసి అంటే అయిష్టం. కొట్టినట్టు అంటే కోపం. నీరసంగా అంటే ఇక నాకేం పట్టదన్నట్టు. అక్షరాలు రెండే, నిఘంటువులో అర్థం ఒక్కటే. కానీ ఇంట్లో ఆ మాట విన్న భార్యకు, తండ్రికి, కోడలికి ఏ ‘సరే’ ఏమిటో క్షణంలో తెలిసిపోతుంది. గొంతు మార్పుతో అర్థం మారిపోవడాన్ని మన అలంకార శాస్త్రం ఎన్నడో గుర్తించింది. దానికి ‘కాకువు’ అని పేరు పెట్టింది. భరతుడి నాట్యశాస్త్రం నటుడు చదివే పాఠ్యానికి స్వరాలను, స్థాయులను, విరామాలను వివరంగా చెబుతుంది.

అమీర్‌పేటలోనే సారథి స్టూడియో ఉంది. పూర్తిగా హైదరాబాద్‌లో తీసిన తొలి తెలుగు చిత్రంగా చెప్పుకునే ‘మా ఇంటి మహాలక్ష్మి’ (1959) అక్కడ రూపుదిద్దుకున్నదే. సినిమాకు డబ్బింగ్ చెప్పేవారిని అడిగితే ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. కాగితం మీద ఉన్న మాటలను ఒక్క అక్షరం తప్పకుండా చదివినా దర్శకుడు మళ్లీ చెప్పమంటాడు. మాట సరిగానే వచ్చింది, మనిషి రాలేదు. ఆ మనిషి దొరికేది గొంతులోని రాగంలోనే.

సాయంత్రం హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఇంటికి ఫోన్ చేసే కుర్రాడిని చూడండి. ‘తిన్నావా నాన్నా?’ అని తల్లి అడుగుతుంది. ‘ఆ, తిన్నానమ్మా’ అంటాడు. అంతే, ఆమెకు అర్థమైపోతుంది. తినలేదని, ఇంటర్వ్యూ పోయిందని, డబ్బులు అయిపోయాయని. మాట అబద్ధం చెప్పినా స్వరం నిజం చెప్పేసింది.

తల్లికి ఈ విద్య ఎలా వచ్చిందని అడిగితే, అది ఆ బిడ్డ పుట్టకముందే మొదలైందని చెప్పాలి. గర్భంలో ఉన్న శిశువుకు సుమారు ఆరో నెల నాటికి వినికిడి మొదలవుతుంది. బయటి పదాలు అక్కడికి స్పష్టంగా చేరవు. చేరేది తల్లి గొంతులోని హెచ్చుతగ్గులు, లయ. పుట్టిన కొద్ది రోజులకే పిల్లలు ఇతర స్త్రీల గొంతుకన్నా తల్లి గొంతునే కోరుకుంటారని 1980లో అమెరికాలో జరిగిన ఒక పరిశోధన చూపింది. 2009లో జర్మనీ పరిశోధకులు 60 మంది నవజాత శిశువుల ఏడుపును పరిశీలించారు. ఫ్రెంచి తల్లుల బిడ్డల ఏడుపు కింది నుంచి పైకి లేస్తే, జర్మన్ తల్లుల బిడ్డల ఏడుపు పై నుంచి కిందికి దిగింది. ఆ రెండు భాషల బాణీలూ అలాగే ఉంటాయి. ఒక్క మాటైనా రాని పసికందు అప్పటికే తల్లి భాష రాగంలో ఏడుస్తోందన్నమాట.

ఈ సంగతి చదివినప్పుడు లూకా సువార్త మొదటి అధ్యాయం గుర్తు రాక మానదు. ఎలీసబెతుకు అప్పటికి ఆరో నెల. మరియ ఆమె ఇంటికి వచ్చి వందనం చేసింది. ఏ మాటలతో వందనం చేసిందో లూకా రాయలేదు. ఆ వందన స్వరం చెవిని పడగానే ఎలీసబెతు గర్భంలోని శిశువు గంతులు వేశాడని మాత్రం రాశాడు (లూకా 1:36-44). మాటలు మనకు మిగల్లేదు. స్వరం తెచ్చిన ఆనందం మిగిలింది.

పేరు పెట్టి పిలిచినప్పుడు

పునరుత్థాన దినాన తోటలో జరిగింది ఇంకా లోతైనది. మగ్దలేనే మరియ సమాధి దగ్గర ఏడుస్తూ నిలబడింది. యేసు ఎదుటే ఉన్నాడు. ఆమె చూసింది, గుర్తుపట్టలేదు. ఎందుకేడుస్తున్నావని ఆయన అడిగాడు. ఆమె విన్నది, అయినా తోటమాలి అనుకున్నది. అప్పుడాయన ‘మరియా’ అని పిలిచాడు. ఒక్క పేరు. వెంటనే ఆమె తిరిగి ‘రబ్బూనీ’ అన్నది (యోహాను 20:11-16). ఆ పిలుపు ఎలాంటి స్వరంలో సాగిందో వాక్యం చెప్పలేదు. కానీ ఆమె పేరును లోకంలో ఆయన పిలిచినట్టు ఇంకెవరూ పిలవలేదని మాత్రం మనకు అర్థమవుతుంది. గొర్రెలు తమ కాపరి స్వరం ఎరుగుతాయని, ఆయన వాటిని పేరు పెట్టి పిలుస్తాడని ప్రభువు ముందే చెప్పాడు (యోహాను 10:3-4). ఆ ఉదయం ఆ మాట ఒక స్త్రీ జీవితంలో నిజమైంది.

అదే విధంగా యాస గురించి కూడా వాక్యం ఒక మంచి సంగతి చెబుతుంది. అమీర్‌పేట తరగతుల్లో తమ పల్లె యాస బయటపడుతుందేమోనని నోరు విప్పని పిల్లలు ఎందరో. పేతురుకూ అదే ఇబ్బంది. ప్రధాన యాజకుని ఇంటి ముంగిట అతడు ప్రభువును ఎరుగనని బొంకుతుంటే, నీ పలుకే నిన్ను పట్టిస్తోందని చుట్టూ ఉన్నవారు అన్నారు (మత్తయి 26:73). గలిలయ యాస అతడిని దాచనివ్వలేదు. మరి పెంతెకొస్తు దినాన ఏమైంది? పరిశుద్ధాత్మ వచ్చిన ఆ రోజున కూడా జనం మొదట పట్టుకున్నది అదే, మాట్లాడుతున్నవారందరూ గలిలయులే కదా అని (అపొ. కార్యములు 2:7). దేవుడు పేతురును యెరూషలేము పెద్దమనిషిలా మార్చి నిలబెట్టలేదు. గలిలయవాడిగానే నిలబెట్టి మాట్లాడించాడు. ఉద్యోగం కోసం ఇంగ్లిష్ నేర్చుకోవడంలో తప్పేమీ లేదు. కానీ అమ్మ గొంతులోంచి వచ్చిన యాసను చూసి సిగ్గుపడనక్కర లేదు. దేవుడు దానిని వాడుకుంటాడు.

మాట పడిపోయినా పాట నిలుస్తుంది

ఇప్పుడు పంజాగుట్ట వైపు వెళ్దాం. నిమ్స్‌లో పక్షవాతం రోగుల వివరాలను నమోదు చేసి, వాటి ఆధారంగా వైద్యులు చేసిన ఒక అధ్యయనం 2016లో వెలువడి ప్రపంచం దృష్టికి వచ్చింది. 608 మంది రోగులను పరిశీలిస్తే, ఒకటికి మించి భాషలు వచ్చినవారిలో 40.5 శాతం మందికి పక్షవాతం తర్వాత ఆలోచనాశక్తి మామూలుగా ఉంది. ఒకే భాష వచ్చినవారిలో అది 19.6 శాతమే. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లిష్ కలిసి వినిపించే మన నగరానికి ఇది శుభవార్తే. అయితే మాట పడిపోవడంలో మాత్రం ఇరువురికీ తేడా కనిపించలేదు. ఎన్ని భాషలు వచ్చినా మాట పోవచ్చు.

అలా మాట పోయినవారిలో ఒక ఆశ్చర్యం కనిపిస్తుంది. కొందరు మాట్లాడలేరు గానీ పాడగలరు! 1745లో స్వీడన్‌లో ఓలోఫ్ డాలిన్ ఒక రోగి గురించి రాశాడు. అతడికి కుడిపక్క చచ్చుబడి, మాట పోయింది. కానీ జబ్బుకు ముందు నేర్చుకున్న కీర్తనలను ఎవరైనా ఎత్తి ఇస్తే పదాలతో సహా స్పష్టంగా పాడేవాడు. కంఠతా వచ్చిన ప్రార్థనలను కూడా అదే లయలో చెప్పేవాడు. వైద్యశాస్త్రం ఎంతోకాలం ఈ సంగతిని వింతగానే చూసింది. సాధారణంగా మాటలు కూర్చే పని మెదడు ఎడమ భాగానిది. పాటకు కుడి భాగం కూడా బాగా తోడ్పడుతుంది. ఎడమ పక్క దెబ్బ తిన్నా పాట దారి కొంత తెరిచే ఉంటుంది. దీని ఆధారంగా 1973లో అమెరికాలోని బోస్టన్ వైద్యులు ఒక చికిత్సా పద్ధతిని ప్రకటించారు. ‘నీళ్లు కావాలి’ వంటి చిన్న చిన్న మాటలను రాగయుక్తంగా పలికిస్తూ, రోగి ఎడమ చేత్తో తాళం వేయిస్తూ, మెల్లగా రాగాన్ని తగ్గించి మామూలు మాటలోకి తీసుకువస్తారు. 2011లో తలకు తూటా తగిలి మాట కోల్పోయిన అమెరికా చట్టసభ సభ్యురాలు గాబీ గిఫర్డ్స్ కోలుకోవడంలో సంగీత చికిత్సకూ చోటుంది. ఇందులో రాగం పాలు ఎంత, లయ పాలు ఎంత, చిన్ననాటి నుంచి వచ్చిన అలవాటు పాలు ఎంత అని పరిశోధకులు ఇంకా చర్చిస్తూనే ఉన్నారు. ఈ మేలు అందరికీ ఒకేలా దొరుకుతుందని చెప్పలేం.

కానీ సంఘానికి ఇందులో ఒక పిలుపు ఉంది. పక్షవాతం వచ్చిన విశ్వాసిని చూడడానికి వెళ్లి, ఆయన మాట్లాడలేడని మనలో మనమే మాట్లాడుకుని, గబగబా ప్రార్థన చేసి వచ్చేస్తుంటాం. ఈసారి కాసేపు కూర్చోండి. ఆయన చిన్నప్పుడు ఆదివార పాఠశాలలో నేర్చుకున్న కీర్తన ఏదో ఇంటివారిని అడగండి. మెల్లగా ఎత్తుకోండి. మధ్యలో ఒక్క మాట దగ్గర ఆగండి. ఆయన పెదవులు కదలవచ్చు, కదలకపోనూ వచ్చు. కదలకపోయినా నిరుత్సాహపడకండి. అది పాట అని, అది తన పాట అని ఆయనకు తెలియవచ్చు. ఇది వైద్యానికి బదులు కాదు. మాట నేర్పే చికిత్స నిపుణుల దగ్గర క్రమంగా సాగాలి. అన్నింటికన్నా ముందు, మూతి వంకర పోయినా, చేయి వాలిపోయినా, మాట తడబడినా ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. మెదడు రక్తనాళంలో గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. ప్రార్థన అంబులెన్సులో కూడా చేయవచ్చు.

మన పెద్దలు మనకు ఇచ్చిన ఆస్తి విలువ ఇక్కడ తెలుస్తుంది. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం తెరిస్తే ఎన్నో కీర్తనల పైన రాగం పేరు, తాళం పేరు కనిపిస్తాయి. పురుషోత్తమ చౌదరి (1803-1890) వంటి భక్తులు సువార్తను తెలుగువారి రాగాలలో, తెలుగువారి నోటికి పట్టేలా అందించారు. ఆ కీర్తనలను పిల్లలకు నేర్పడం పాతకాలపు ముచ్చట అనుకోవద్దు. మాటలన్నీ విడిచిపోయిన రోజున వారికి అక్కరకు వచ్చే నిధి అది.

స్వరం వాడిపోయినవారు

ఇందుకు పూర్తిగా ఎదురైన బాధ కూడా ఒకటుంది. మాటలన్నీ ఉంటాయి, రాగం పోతుంది. 1979లో రాస్, మెసులామ్ అనే ఇద్దరు అమెరికా వైద్యులు మెదడు కుడి భాగం దెబ్బతిన్న ఒక ఉపాధ్యాయురాలి గురించి రాశారు. ఆమె మాటల్లో తప్పు లేదు. కానీ గొంతు ఎత్తూ దిగుడూ లేకుండా చదునైపోయింది. లోపల కోపం ఉన్నా గొంతులోకి రాదు. తరగతిలో పిల్లలు, ఇంట్లో బిడ్డలు ఆమె మాట లెక్కచేయలేదు. చివరికి తాను కోపంగా ఉన్నానని, నిజంగానే చెబుతున్నానని మాటల్లో చేర్చి చెప్పుకోవలసి వచ్చింది. పార్కిన్సన్ వ్యాధిలోనూ గొంతు సన్నబడి చదునవుతుంది. తీవ్రమైన మనోవేదనలో ఉన్నవారి మాటలోనూ జీవం తగ్గుతుంది.

ఇలాంటి వారి ఇళ్లలో ఎంత అపార్థం! ఆయనకు నా మీద ప్రేమ పోయిందని భార్య అనుకుంటుంది. అమ్మకు ఏదీ పట్టడం లేదని పిల్లలు విసుక్కుంటారు. గుడిలో సాక్ష్యం చెప్పినప్పుడు ఆత్మ లేదని తోటివారు తీర్పు తీరుస్తారు. స్వరం లేకపోవడం ప్రేమ లేకపోవడం కాదు. తాను నోటి మాంద్యం గలవాడినని మోషే చెప్పుకున్నా దేవుడు అతడిని విడిచిపెట్టలేదు (నిర్గమ 4:10-12). చెవుడు, నత్తి ఉన్న ఒకడిని యేసు దగ్గరకు తెచ్చినప్పుడు ఆయన అతడిని జనం నుంచి పక్కకు తీసుకువెళ్లాడు. చెవుల్లో వేళ్లు పెట్టాడు, నాలుక ముట్టాడు, ఆకాశం వైపు చూసి నిట్టూర్చాడు (మార్కు 7:32-35). వినలేనివాడికి అర్థమయ్యే భాషలో ప్రభువు మాట్లాడాడు. ఆ నిట్టూర్పు అతడికి వినిపించి ఉండదు. కానీ కనిపించి ఉంటుంది.

స్వరం వేషం వేస్తే...

స్వరానికి ఇంత శక్తి ఉంది గనుకే ప్రమాదమూ ఉంది. యెహెజ్కేలు ప్రవక్తకు దేవుడు ఒక చేదు నిజం చెప్పాడు. జనం నీ దగ్గరకు వచ్చి కూర్చుంటారు, నీ మాట వారికి బాగా వాయించే గాయకుడి మధురగానంలా ఉంది, వింటారు గాని చేయరు అన్న భావం అది (యెహెజ్కేలు 33:31-32). ప్రసంగం కచేరీ అయిపోయింది. పౌలు దీనికి రెండో వైపు చూపాడు. పిల్లనగ్రోవి గాని వీణ గాని స్వరాలలో భేదం చూపకపోతే ఊదేది, మీటేది ఏమిటో ఎలా తెలుస్తుందని, బూర స్పష్టంగా మోగకపోతే యుద్ధానికి సిద్ధపడేదెవరని అడిగాడు (1 కొరింథీ 14:7-8). అంటే స్వరం ఉండాలి, అది అర్థాన్ని మోయాలి. స్వరమే మిగిలి అర్థం జారిపోతే అది సంఘాన్ని కట్టదు.

నేటి మన వేదికలను ఈ వెలుగులో చూసుకోవాలి. పేరున్న ప్రసంగీకుని గొంతును, ఆయన సాగదీతను, ఆయన వణుకును అచ్చంగా అనుకరించే యువ సేవకులు ఉన్నారు. ప్రార్థన మొదలుకాగానే కీబోర్డు మీద విషాదరాగం ఎత్తుకుంటే తప్ప కన్నీరు రాని కూటాలు ఉన్నాయి. వాద్యం తప్పు కాదు, రాగం తప్పు కాదు. అరువు తెచ్చుకున్న స్వరంలో మనిషి ఉండడు, అదే లోపం. ఇక స్పీకర్ల హోరు సంగతి. ఆసుపత్రి చుట్టూ కనీసం 100 మీటర్ల ప్రాంతాన్ని నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చని, అలా ప్రకటించిన చోట పగలు 50, రాత్రి 40 డెసిబెల్స్ మించరాదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. గాలిలోనూ భూకంపంలోనూ అగ్నిలోనూ కాక, ఆ తర్వాత వచ్చిన మెల్లని స్వరంలో ఏలీయాతో మాట్లాడిన దేవుడికి (1 రాజులు 19:11-13) మన స్పీకర్ల ఎత్తు అవసరం లేదు.

మరి సరైన స్వరం ఏది? నెహెమ్యా కాలంలో లేవీయులు ధర్మశాస్త్రాన్ని స్పష్టంగా చదివి, విన్నవారు గ్రహించేలా అర్థం చెప్పారు (నెహెమ్యా 8:8). విన్న జనం ఏడ్చారు. ఏడిపించడానికి చదవలేదు, అర్థం కావడానికి చదివారు. ఆదివారం వాక్యభాగం చదివే సహోదరి, సహోదరుడు శనివారం రాత్రే దానిని రెండుసార్లు పైకి చదువుకుంటే చాలు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ ప్రశ్న ఉందో, ఎక్కడ దుఃఖం ఉందో తెలుస్తుంది. వాక్యాన్ని అర్థం చేసుకున్న గొంతుకు రాగం దానంతట అదే వస్తుంది.

ఇంట్లో వినిపించే స్వరం

చివరికి మన స్వరానికి పరీక్ష గుడిలో జరగదు, ఇంట్లో జరుగుతుంది. ఆరాధనలో తేనెలా పాడిన గొంతు మధ్యాహ్నం కూర చల్లారిందని ఇల్లాలి మీద ఎలా లేస్తుంది? ప్రార్థనలో వణికిన స్వరం పనిమనిషిని ఎలా పిలుస్తుంది? వృద్ధురాలైన తల్లి ఒకే సంగతి మూడోసారి అడిగితే మన జవాబు ఏ రాగంలో వెళ్తుంది? మాటలు మర్యాదగానే ఉండవచ్చు. ‘చెప్పాను కదమ్మా’ అన్న దానిలో బూతు లేదు, అబద్ధం లేదు. కానీ ఆ బాణీ ఆమె గుండెలో గుచ్చుకుంటుంది. ప్రేమ లేని మాట ఎంత గొప్పదైనా వట్టి లోహపు మోత అని పౌలు అన్నది (1 కొరింథీ 13:1) ఇలాంటి మోత గురించే కూడా.

మృదువైన జవాబు కోపాన్ని చల్లారుస్తుందని సామెతల గ్రంథం నేర్పుతుంది (సామెతలు 15:1). ఆ మృదుత్వం పదాల్లో కన్నా స్వరంలోనే ముందు తెలుస్తుంది. ఈ వారం ఒక్క పని చేద్దాం. మన ఇంట్లోవారిని పేరు పెట్టి పిలిచినప్పుడు, ఆ పిలుపు ఎలా ఉందో మనమే విందాం. పనికోసం పిలుస్తున్నామా, మనిషి కోసం పిలుస్తున్నామా అన్నది ఆ ఒక్క పేరులోనే తెలిసిపోతుంది.

మాట రానివారికీ, మాట పోయినవారికీ, ప్రార్థించడానికి పదాలు దొరకనివారికీ ఒక ఆదరణ ఉంది. మాటలకందని మూలుగులతో పరిశుద్ధాత్మ మన పక్షంగా వేడుకుంటాడు (రోమా 8:26). మనలను చూసి సంతోషించి పాడే దేవుడని జెఫన్యా ఆయనను గూర్చి చెప్పాడు (జెఫన్యా 3:17). మన మూలుగును వినే దేవుడు, మన మీద పాట పాడే దేవుడు, ఒక రోజు మనలను కూడా పేరు పెట్టి పిలుస్తాడు. ఆ పిలుపును గుర్తుపట్టే చెవులను, ఆ పిలుపులోని ప్రేమను ఇతరులకు వినిపించే స్వరాన్ని ప్రభువు మనకు అనుగ్రహించును గాక!